దారిలో విరిగింది

మా నాన్న కుడిచేతికి రెండే వేళ్ళు, బొటనవేలూ చూపుడువేలూ. మిగతా మూడూ నేను మూడో తరగతిలో ఉండగా పోయాయి. ఆయన కరెంటు శాఖలో లైన్‌మన్. ఒక గాలివాన రోజున ఆస్పత్రికి వెళ్ళే లైను తెగింది. సరిచేయడానికి నాన్న స్తంభం ఎక్కి తీగ అందుకోబోతుండగా, పైన మనిషి ఉన్నాడో లేడో కనుక్కోకుండా సబ్‌స్టేషన్‌లో ఎవరో స్విచ్చి వేశారు. బతికి బట్టకట్టడమే గొప్ప అన్నారు డాక్టర్లు. రెండు నెలలు మంచాన ఉండి మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. స్తంభాలు ఎక్కవద్దని చెప్పి, కొత్తవాళ్ళకు పని నేర్పమన్నారు.

తోటివాళ్ళు ఆయనకు ‘ముప్పావు’ అని పేరు పెట్టారు. పదిలో ఏడు మిగిలాయి కదా, అందుకని.

“లెక్క ప్రకారం ముప్పావుకి అర వేలు తక్కువే. పోనీలే పాపం అని వాళ్ళే కలిపారు,” అని నవ్వేవాడు నాన్న.

నేను శిల్పిని. ఇరవై ఏళ్ళుగా పార్కుల్లో, బడుల ముందు, బ్యాంకుల గుమ్మాల్లో బొమ్మలు నిలబెట్టి బతుకుతున్నాను. ఊరి చివర శక్తి పరిశోధన సంస్థ ఒకటి కొత్తగా కట్టారు. దాని ముందు పెట్టడానికి, సైన్సునీ శక్తినీ ఒక్క చూపులో చెప్పే శిల్పం కావాలని నన్ను పిలిచారు. అంత పెద్ద పని నాకు అదే మొదలు. మూడు బొమ్మలు గీసుకుని వెళ్ళాను. అణువు చుట్టూ తిరిగే వలయాలు ఒకటి, కిరణాలు చిమ్మే సూర్యుడు ఒకటి, మెరుపును పట్టుకున్న మనిషి ఒకటి.

సంస్థ డైరెక్టర్ గారు అరవైకి దగ్గరపడిన ఆవిడ. చొక్కా చేతి మీద ఎప్పుడూ బోర్డు మార్కర్ మరకలు ఉండేవి. కళ్ళజోడు పైకి తోసుకుని మూడింటినీ చూశారు.

“మొదటిది మా లెటర్‌హెడ్ మీదే ఉందండీ. పైగా అణువు అలా ఉండదు. రెండోది సబ్బు పెట్టె మీద చూశాను. మూడోదాని కింద ‘అపాయం, ముట్టుకోరాదు’ అని రాయాలనిపిస్తోంది.”

నా ముఖం వాడిపోయి ఉండాలి. ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.

“శక్తిని ఎవరూ పుట్టించలేరు, ఎవరూ చంపలేరు. అది చేతులు మారుతుంది, అంతే. ఎండ సముద్రాన్ని పైకి లేపుతుంది. అది వానై కొండ మీద పడుతుంది, చక్రాన్ని తిప్పుతుంది, తీగలోకి వస్తుంది, దీపమవుతుంది. అక్కడితో ఆగుతుందా? ఆగదు. గది గోడలు కాస్త వెచ్చబడతాయి. ఆ చేతులు మారడం చూపించండి చాలు.”

చేతులు మారడం. ఇంటికి వెళ్ళేదాకా ఆ మాటే నా చెవుల్లో తిరిగింది. సరాసరి అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళాను. నాన్న పక్కింటివాళ్ళ ఇస్త్రీపెట్టె విప్పి ముందు వేసుకుని కూర్చున్నాడు. స్క్రూను రెండు వేళ్ళ మధ్య ఇరికించి, అవసరమైనప్పుడు పళ్ళ సాయం తీసుకుంటూ బిగిస్తున్నాడు.

“ఆవిడకి విషయం తెలుసమ్మాయ్,” అన్నాడు అంతా విని. “మేం ఇదే మాట కొత్తవాళ్ళకి నెల రోజులు చెప్పేవాళ్ళం.”

“నాన్నా, నీ చేయి కావాలి నాకు. శిల్పానికి.”

“ఏ చేయి?”

“కుడిది.”

ఆయన పని ఆపి నా వంక చూశాడు. “ఎడమది తీసుకోరాదూ? అది ఫుల్ సెట్టు.”

“కాదు. అదే కావాలి.”

స్క్రూ కింద పెట్టి, చేయి చాచి, తనే మొదటిసారి చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పాడు. “అయితే గోళ్ళు తీసుకోవాలి. రెండేగా, తొందరగానే అయిపోతుందిలే,” అన్నాడు.

మర్నాడు వర్క్‌షాపులో అచ్చు తీశాను. చేయి బకెట్లోని చల్లటి ముద్దలో పెట్టి, అది గట్టిపడేదాకా కదలకుండా కూర్చోవాలి. ఆ కాసేపట్లో నా ఆలోచన ఆయనకు చెప్పాను. రెండు పెద్ద కంచు చేతులు. ఒకటి పైనుంచి ఇస్తున్నట్టు, ఒకటి కిందనుంచి అందుకుంటున్నట్టు. రెండూ గట్టిగా పట్టుకుని ఉంటాయి.

“పట్టుకోవడం ఎందుకు?” అన్నాడు నాన్న. “దగ్గరకొస్తే చాలు. ఎక్కువ వోల్టేజి అయితే తగలనక్కర్లేదమ్మా, గాలిలోంచే దూకుతుంది. నేను ఆ రోజు తీగని ముట్టుకోనేలేదు. ఇంత ఎడం ఉంది.” ఎడమచేతి వేళ్ళతో ఆ ఎడం చూపించాడు. “కరెంటుకి నా మీద పగా లేదు, ప్రేమా లేదు. దారి కనపడింది, వెళ్ళిపోయింది.”

ఆ దూరమే నా శిల్పానికి ప్రాణమైంది. రెండు చేతుల మధ్య జానెడు ఖాళీ, ఆ ఖాళీలో గాలికి వణికే సన్నని రాగి తీగలు. ఇచ్చే చేయి నాన్నది. చూపుడువేలు చివర వంకరతో, మానిన గాయాల ముడతలతో, ఉన్నది ఉన్నట్టు చేశాను. నా చేతుల మీదుగా అంత నిజమైన పని అంతకుముందు జరగలేదు. ప్లాస్టరుతో చేసిన ఆ నమూనాను మెత్తటి గుడ్డలో చుట్టి, కారు వెనక సీటులో పెట్టి, పసిబిడ్డను తీసుకెళ్ళినట్టు సంస్థకు తీసుకెళ్ళాను. దారిలో దానికి చిన్న గీత కూడా పడలేదు.

కమిటీలో ఎనిమిది మంది. అద్దంలా మెరిసే పొడవాటి బల్ల. నమూనా మీద గుడ్డ తీశాను. డైరెక్టర్ గారు ముందుకు వంగి, రెండు చేతుల మధ్య ఖాళీని చూస్తూ, “అబ్బ!” అన్నారు. “తగలకుండా దాటడం! ఇది మీకు ఎవరు చెప్పారు?”

“అలా ఆలోచిస్తుంటే తట్టిందండీ,” అన్నాను.

మొదటి అబద్ధం అంత సులువుగా వచ్చేసింది. ఆవిడ మెచ్చుకున్న మాట నాదే కావాలనిపించింది, అంతకుమించి కారణం లేదు.

అప్పుడు బల్ల చివర కూర్చున్న పరిపాలనాధికారి లేచి వచ్చారు. చెడ్డ మనిషి కాదు, ఎప్పుడూ నవ్వుముఖంతో ఉండేవారు. “అయ్యయ్యో! వేళ్ళు విరిగిపోయాయే! తీసుకొచ్చేటప్పుడేనా?”

ఎనిమిది జతల కళ్ళు ఆ చేతి మీదికి తిరిగాయి. ‘ఇది మా నాన్న చేయండీ, ఆయన లైన్‌మన్’ అన్న మాట నా నాలుక చివరే ఉంది. ఇస్త్రీ నలగని ఆ చొక్కాల మధ్య, ఆ బల్ల ముందు, ఒక్కసారిగా అది నాకు శిల్పంలా కాక అవిటి చేయిలా కనపడింది. వాళ్ళ ముఖాల్లో జాలి రాకముందే ఆపేయాలనిపించింది.

“అవునండీ. దారిలో విరిగింది. కంచు పోతలో సరిగ్గా వస్తాయి,” అన్నాను.

“జాగ్రత్తండోయ్! అసలుది నాలుగు మీటర్లు. అది విరిగి పడితే కిందవాళ్ళ పని గోవిందా!” అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అబద్ధం కన్నా నా ఆ నవ్వే ఇప్పటికీ ఎక్కువ గుర్తొస్తుంది నాకు.

డిజైన్ ఖాయమైంది. బయటికొచ్చి కారులో కూర్చుంటే, వెనక సీటులో గుడ్డ చుట్టుకున్న ఆ చేయి నన్నే చూస్తున్నట్టుంది. ఏడో తరగతిలో మా బడిలో తల్లిదండ్రులను పిలిచిన రోజు గుర్తొచ్చింది. గేటు దగ్గరే ఆపి, “నాన్నా, చేయి జేబులో పెట్టుకో,” అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. రెండు గంటలు చేయి జేబులోంచి తీయకుండా, గోడలకు పెట్టిన నా బొమ్మలన్నీ చూశాడు. ఆ పిల్లకు పన్నెండేళ్ళు, ఏమీ తెలియదు అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు నాకు నలభై నాలుగు.

తప్పు దిద్దుకోవడానికి వ్యవధి లేకపోలేదు. నాలుగు నెలల పని అది. ఏ రోజైనా ఫోన్ చేసి చెప్పొచ్చు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ, చివరికి మూడు వేళ్ళూ చేశాను. అచ్చుకి నా కుడిచేతినే వాడాను. మధ్యవేలు, ఉంగరంవేలు, చిటికెనవేలు నావి. వాటిని పెద్దవి చేసి, నాన్న అరచేతికి మైనంలో అతికించి, అతుకు కనపడకుండా నున్నగా రుద్దాను.

పోతపని మేస్త్రి నా వెనకే నిలబడి చూశాడు. పదేళ్ళుగా నా బొమ్మలు పోసేది ఆయనే. “ముందే బాగుండేదమ్మా. ఆ చేయి చూస్తే ఒక మనిషి కనపడేవాడు. ఇప్పుడు ఇది ఎవరి చేయైనా కావచ్చు,” అన్నాడు.

“నేను చెప్పింది పోయండి మేస్త్రీ, సలహాలు తర్వాత,” అని కసిరాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఆయన కొలిమి దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాన్న వారానికోసారి ఫోన్ చేసేవాడు. “ఎంతవరకు వచ్చింది? వచ్చి చూడనా?”

“ఇక్కడంతా దుమ్ము నాన్నా, నీ దగ్గుకి పడదు.”

“మాస్కు పెట్టుకుంటాలే.”

“పూర్తయ్యాక ఒకేసారి చూద్దువుగానీ.”

“ఓహో, సస్పెన్సా! సరే సరే.”

అమ్మ ఫోన్ లాక్కుని చెప్పేది. “మీ నాన్న కనపడినవాళ్ళందరికీ చెబుతున్నారే. నా చేయి సైన్సు వాళ్ళ గుమ్మంలో నిలబడబోతోంది అని. కూరగాయల కొట్టాయన కూడా అడుగుతున్నాడు, ఎప్పుడూ అని.” మింగలేక కక్కలేక ‘ఊఁ’ అనేదాన్ని.

ఆవిష్కరణ రోజు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వెంట తన పాత జతగాడిని తెచ్చాడు. గాలివాన రోజున కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది, స్పృహ లేని నాన్నను భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తింది ఆయనే. ముందు వరసలో కుర్చీలు చూపిస్తే ఇద్దరూ మొహమాటపడి మూడో వరసలో కూర్చున్నారు. నేను వేదిక మీద ఉన్నాను. తెర జారింది. కొత్త కంచు ఎండలో ధగధగలాడింది, రాగి తీగలు వణికాయి, చప్పట్లు మోగాయి. నేను మాత్రం మూడో వరస వైపు చూశాను.

నాన్న చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి. పెదవులు కదిలాయి. లెక్కపెడుతున్నాడు.

వేదిక దిగి వాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి జతగాడు అడుగుతున్నాడు. “ఒరేయ్ ముప్పావూ, ఇది నీ చేయి అన్నావు కదరా?”

“నాదే. చూపుడువేలు వంకర చూడు.”

“మరి ఆ మూడు వేళ్ళు?”

“పింఛనుతో కలిపి ఇచ్చారు,” అన్నాడు నాన్న. “కళ అంటే అంతేరా. ఉన్నదున్నట్టు చూపించడానికి ఫోటో చాలదూ?”

జతగాడు నవ్వలేదు. నావైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న నన్ను వెనకేసుకొస్తున్నాడు. నేను అడగకుండానే.

అప్పుడే డైరెక్టర్ గారు వచ్చారు. “మా నాన్నగారండీ,” అన్నాను. ఆవిడ చేయి చాచారు. నాన్న కొంచెం తటపటాయించి కుడిచేయి ఇచ్చాడు. ఆవిడ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, చూశారు. తల ఎత్తి శిల్పం వైపు చూశారు. తర్వాత నా వైపు.

“అయితే ఆ రోజు వేళ్ళు దారిలో విరగలేదన్నమాట,” అన్నారు, నాకు మాత్రమే అన్నట్టు మెల్లగా.

నాన్న విన్నాడు. “ఏం విరగడం మేడమ్?”

ఆవిడ తడబడ్డారు. “నమూనాకి... వేళ్ళు దారిలో విరిగాయని...” అని ఆపేశారు.

నాన్న నన్ను చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. “దారిలోనే మేడమ్,” అన్నాడు. “నా ఉద్యోగం దారిలో.” అని చేయి మెల్లగా వెనక్కి తీసుకుని, ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు డైరెక్టర్ గారు నన్ను గదికి పిలిచారు. కోప్పడతారనుకున్నాను. “నాకు ఆ రోజే అనుమానం వచ్చింది,” అన్నారు. “విరిగిన ప్లాస్టరూ మానిన గాయమూ ఒక్కలా ఉండవు కదా. అడిగితే మీకు ఇబ్బందేమోనని ఊరుకున్నాను. అడగాల్సింది. మీరు చెప్పి ఉంటే ఆ గదిలో ఒక్కరు కూడా కాదనేవారు కాదు.”

నన్ను కుళ్ళబొడిచింది ఆ చివరి మాటే. ఎవరైనా బెదిరించి ఉంటే వాళ్ళ మీద కోపం తెచ్చుకుని బతికేదాన్ని. నన్నెవరూ బలవంతం చేయలేదు. ఒక మనిషి మామూలుగా ఒక ప్రశ్న అడిగాడు. నేను మా నాన్నని దాచేశాను.

పది రోజులు ముఖం చెల్లక ఆ ఇంటి వైపు వెళ్ళలేదు. పదకొండో రోజు వెళ్ళాను. అమ్మ తలుపు తీసి, ఎప్పటిలా ‘తిన్నావా’ అని అడగకుండా, “వెనక గదిలో ఉన్నారు,” అంది.

నాన్న పాత టేబుల్ ఫ్యానుకు నూనె వేస్తున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి, దారి పొడుగునా వల్లించుకున్నదంతా గబగబా చెప్పేశాను. తప్పయిందన్నాను. డైరెక్టర్ గారు ఒప్పుకునేలా ఉన్నారని, ఆ మూడు వేళ్ళూ కోసి తీసేస్తానని, మళ్ళీ ముందులాగే చేస్తానని.

నాన్న తల ఎత్తాడు. “కోస్తావా? మళ్ళీనా? ఒకసారి కోయించుకున్నది చాలమ్మా.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన నవ్వడం లేదు.

“కూర్చో,” అన్నాడు. “బాధపడ్డానా అంటే పడ్డాను. వేళ్ళు పెట్టినందుకు కాదు. నువ్వు నన్ను అడిగి ఉంటే, పెట్టుకోమ్మా, కాస్త అందంగా ఉంటుంది అని నేనే అనేవాణ్ణేమో. కానీ విరిగింది అన్నావే, దారిలో విరిగింది అని... అవి ఎలా పోయాయో చెప్పడానికి నీకు ఒక్క ముక్క సరిపోయేది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా నీకు?”

“రాలేదు నాన్నా.”

“సిగ్గేసిందా?”

అబద్ధం చెప్పడానికి ఇక నాకు ఓపిక లేదు. “వేసింది.”

ఆయన తల ఊపాడు. నూనె మరక అంటిన గుడ్డతో రెండు వేళ్ళూ మెల్లగా తుడుచుకున్నాడు. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ వింటోంది.

“నాకూ మొదట్లో వేసేది,” అన్నాడు. “ఏడాది పాటు బస్సులో పైకి చేయి పెట్టి కమ్మీ పట్టుకునేవాణ్ణి కాదు. అందుకే నిన్ను తిట్టలేకపోతున్నాను. తిట్టాలని ఉంది గానీ.”

“తిట్టు నాన్నా.”

“తిడితే నీకు హాయిగా ఉంటుంది. అందుకే తిట్టను.” గుడ్డ పక్కన పడేశాడు. “వేళ్ళ జోలికి పోకు. ఆ మాట ఎక్కడ అన్నావో అక్కడికే వెళ్ళి, జరిగింది చెప్పు.”

“నువ్వూ రా.”

“నేనెందుకు? అన్నది నువ్వు.”

తర్వాతి నెల కమిటీ కూర్చున్నప్పుడు అయిదు నిమిషాలు అడిగి తీసుకున్నాను. అదే గది, అదే బల్ల. నమూనా విరగలేదని, అది లైన్‌మన్‌గా చేసిన మా నాన్న చేయి అని, ఆ మధ్య ఖాళీ కూడా నాకు తట్టింది కాదు ఆయన చెప్పిందేనని చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. చెమట వీపు మీంచి కారుతోంది.

పరిపాలనాధికారి గారి ముఖంలో నవ్వు పోయింది. “అయ్యో, అలాగా! నేను నిజంగానే విరిగిందనుకున్నానండీ. ఏమీ అనుకోకండి,” అన్నారు. కమిటీలో ఉన్న ఆర్కిటెక్టు తన కాగితాలు సర్దుకున్నాడు. డైరెక్టర్ గారు శిల్పం కింది పలకలో మా నాన్న చేసిన పని గురించి రెండు వాక్యాలు చేర్చమని రాసుకున్నారు. ఎవరో టీ కప్పు నా వైపు జరిపారు. ఆ తర్వాత అజెండాలోని రెండో అంశం మొదలైంది.

ఇంటికి వెళ్ళి చెప్పాను.

“ఏమన్నారు?” అన్నాడు నాన్న.

“‘అలాగా’ అన్నారు. తర్వాత సైకిల్ షెడ్డు గురించి మాట్లాడుకున్నారు.”

నాన్న పగలబడి నవ్వాడు. దగ్గు తెర వచ్చేదాకా నవ్వాడు. అమ్మ నీళ్ళు తెచ్చింది. తాగి, కళ్ళు తుడుచుకుని, “వేస్తారటా షెడ్డు?” అని అడిగాడు.

“వేస్తారట.”

“మంచిదే. ఎండకి సీట్లు కాలిపోతాయి,” అన్నాడు. క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. అమ్మ మాత్రం ఆ పూట తిని వెళ్ళమంది.

కంచు నల్లబడకుండా ఏడాదికి రెండుసార్లు వెళ్ళి దానికి మైనం పట్టించాలి. ఆ పని నేనే చేసుకుంటాను. మొన్న పని ముగించి కింద చేతులు తుడుచుకుంటుంటే, సంస్థ చూడటానికి వచ్చిన ఒకావిడ ఆగి, “వేళ్ళు ఎంత జీవంగా ఉన్నాయండీ!” అంది.

“ఆ మూడూ నావి. మిగతా చేయి మా నాన్నది,” అని మొదలుపెట్టి, దారిలో విరిగిందన్న మాట దాకా మొత్తం చెప్పాను. చెబుతుంటే ముఖం మండింది, ఇప్పటికీ మండుతుంది. ఆవిడ ఓపిగ్గా విని, “మరి మీ నాన్నగారు ఏమన్నారు?” అని అడిగింది.

“బాధపడ్డాడండీ,” అన్నాను.